యునిక్స్ తరహా నిర్వహణ వ్యవస్థలలో డెస్క్‌టాప్ పర్యావరణం ఎంపిక

డెస్క్‌టాప్ పర్యావరణం అనగా కంప్యూటరు తెరపై మనకు కనిపించే విండోలు, పట్టీలు, మెనూలు, ప్రతీకలు, దస్త్రాలను చూపే సాధనం, అమరికల పేటిక మొదలైనవన్నీ ఒకదానితో ఒకటి పొందికగా పనిచేసేటట్లు కూర్చిన సాఫ్ట్‌వేర్ సముదాయం. విండోస్, మ్యాక్ వ్యవస్థలలో ఇది నిర్వహణ వ్యవస్థతో కలిసే వస్తుంది, విడదీయడానికి వీలుండదు. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యునిక్స్ తరహా వ్యవస్థలలో మాత్రం ఇది వేరొక పొర. ఒకే లినక్స్ మీద గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సిన్నమన్, మాటే, ఎల్‌ఎక్స్‌క్యూటి మొదలైన వాటిలో దేనినైనా వేసుకోవచ్చు, నచ్చకపోతే తీసివేయవచ్చు, ఒకటికి రెండు ఉంచుకోవచ్చు, అసలే లేకుండా కూడా పని నడుపుకోవచ్చు. సర్వర్లలో చాలావరకు జరిగేది ఈ చివరిదే.

ఈ స్వేచ్ఛ కొత్తవారికి వరం కంటె చిక్కుగా కనిపించడం సహజం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 వంటి హంగులు లేకపోయినా ఇంకా చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఇళ్ళలోనూ పాఠశాలలలోనూ ఎన్నో ఉన్నాయి. వాటిలో లినక్స్ వేద్దామనుకొన్నవారికి మొదటి మెట్టులోనే ఏ డెస్క్‌టాప్ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ తప్పటడుగు పడితే లినక్స్ నెమ్మది అనో, లినక్స్ కష్టం అనో తేల్చి ఆ యంత్రాన్ని మూలన పెట్టేస్తారు. అసలు కారణం ఆ యంత్రానికి మించిన బరువున్న పర్యావరణం కావచ్చు. డెస్క్‌టాప్‌ను మార్చడానికి నిర్వహణ వ్యవస్థను మార్చనక్కరలేదు, దాచుకొన్న దస్త్రాలను పోగొట్టుకోనక్కరలేదు అన్న సంగతి ముందే తెలిసి ఉంటే చాలామంది ఆ దశలో ఆగిపోరు.

పర్యావరణం చేసే పని

యునిక్స్ తరహా వ్యవస్థలో తెర మీద ఒక విండో కనబడాలంటే కొన్ని పొరలు కలిసి పనిచేయాలి. అన్నిటికంటె అడుగున కెర్నల్ ఉంటుంది. దానిపైన తెరకు, మౌస్‌కు, కీబోర్డుకు మధ్యవర్తిగా ఎక్స్ విండో సిస్టమ్ గాని, దాని స్థానంలో వస్తున్న వేలాండ్ గాని ఉంటుంది. ఎక్స్ 1984లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యాసంస్థలో పుట్టింది. 1987లో వెలువడిన దాని పదకొండవ రూపాన్నే ఎక్స్11 అంటారు. తెరపై గీయడం, నొక్కిన మీట ఏ ప్రోగ్రాముకు చెందితే దానికి ఆ వార్తను చేర్చడం, ఇంతవరకే ఎక్స్ పని. విండోకు అంచు ఎలా ఉండాలి, మూసే గుర్తు ఎడమవైపు ఉండాలా కుడివైపు ఉండాలా అన్నవి ఎక్స్ నిర్ణయించదు. వాటిని విండో మేనేజరు అనే మరొక ప్రోగ్రాముకు వదిలివేసింది. ఇన్ని రకాల డెస్క్‌టాప్‌లు పుట్టడానికి వీలు కలిగించినది ఈ పని విభజనే.

విండో మేనేజరు ఒక్కటే ఉంటే దానిని డెస్క్‌టాప్ పర్యావరణం అనరు. రెంటికీ ఉన్న తేడా తెలియడానికి పెన్‌డ్రైవు ఉదాహరణ చాలును. పెన్‌డ్రైవును తగిలించగానే కెర్నల్ దానిని గుర్తిస్తుంది. యూడెవ్ అనే సేవ ఆ వార్తను అందుకొంటుంది. యూడిస్క్స్ అనే ఇంకొక సేవ, ఎవరైనా అడిగితే ఆ డ్రైవును వ్యవస్థకు జతచేయడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంతవరకు డెస్క్‌టాప్ ఏదైనా కథ ఒకటే. ఆ తరువాత కొత్త డ్రైవు వచ్చిందని తెర మూలన తెలియజేయడం, దాని ప్రతీకను చూపడం, నొక్కితే లోపలి దస్త్రాలను తెరిచి పెట్టడం, పని అయిన తరువాత భద్రంగా ఊడదీయడానికి ఒక గుర్తును ఇవ్వడం, ఇవన్నీ పర్యావరణం బాధ్యత. ఉత్త విండో మేనేజరు మాత్రమే ఉన్న కంప్యూటరులో పెన్‌డ్రైవు పెడితే తెరపై ఏ కదలికా ఉండదు. కెర్నల్‌కు తెలుస్తుంది, మనకు తెలియదు. వైఫై ఎంపిక, ధ్వని హెచ్చుతగ్గులు, ముద్రణ యంత్రం, ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రావస్థకు పోవడం వంటి చిన్న చిన్న పనులన్నిటిలోనూ ఇదే వరుస. మనం వీటిని ప్రత్యేకంగా గమనించము. లేనప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

బటన్లు, పేటికలు, జాబితాలు గీయడానికి ప్రతి ప్రోగ్రాము ఒక టూల్‌కిట్ మీద ఆధారపడుతుంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సిన్నమన్, మాటే పర్యావరణాలు జీటీకే అనే టూల్‌కిట్‌ను, ప్లాస్మా, ఎల్‌ఎక్స్‌క్యూటి పర్యావరణాలు క్యూటి అనే టూల్‌కిట్‌ను వాడుతాయి. అలాగని ఒకదానికి వ్రాసిన ప్రోగ్రాము మరొకదానిలో నడవదనుకోరాదు. కేడీఈ బృందంలో పెరిగిన చిత్రలేఖన సాధనం క్రితా గ్నోమ్‌లోనూ నడుస్తుంది. జీటీకేతో కట్టిన గింప్ ప్లాస్మాలోనూ నడుస్తుంది. రెండవ టూల్‌కిట్ గ్రంథాలయాలు కూడా జ్ఞాపకశక్తిలోకి ఎక్కుతాయి కాబట్టి కొంచెం భారం పెరుగుతుంది, రూపంలో కొద్దిపాటి తేడా కనిపిస్తుంది, అంతే. కాబట్టి ఫలానా ప్రోగ్రాము కావాలి కనుక ఫలానా డెస్క్‌టాపే వేసుకోవాలన్న నియమం దాదాపు ఎక్కడా లేదు.

రెండు దారులు ఏర్పడిన చరిత్ర

ఇన్ని డెస్క్‌టాప్‌లు ఎందుకు, అందరూ కలిసి ఒక్కటే చేయవచ్చును కదా అని కొత్తవారు తప్పక అడుగుతారు. దీనికి జవాబు సాంకేతికతలో కంటె లైసెన్సుల చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

1993లో హెచ్‌పీ, ఐబీఎమ్, సన్ మొదలైన సంస్థలు కలిసి తమ తమ యునిక్స్ వ్యవస్థలన్నిటికీ ఉమ్మడిగా కామన్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణాన్ని ప్రకటించాయి. క్లుప్తంగా సీడీఈ అంటారు. అది వెల చెల్లించి కొనవలసినది, మూలభాష అందుబాటులో లేనిది. దాని మూలభాషను విడుదల చేసేసరికి 2012 వచ్చింది. 1990ల నడుమ లినక్స్ వాడేవారికి ఎఫ్‌వీడబ్ల్యూఎమ్ వంటి విండో మేనేజర్లు ఉండేవి గాని, ఒక ప్రోగ్రాముకు మరొక ప్రోగ్రాముకు రూపంలో పొంతన ఉండేది కాదు.

1996 అక్టోబరు 14న జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిక్ కేడీఈ ప్రణాళికను ప్రకటించాడు. సీడీఈ పేరును సరదాగా అనుకరిస్తూ మొదటి అక్షరానికి కూల్ అన్న అర్థం చెప్పుకొన్నారు, ఆ పదాన్ని కూడా కె అక్షరంతో మొదలుపెట్టి. 1998 జూలైలో కేడీఈ 1.0 వెలువడింది. దీనిని నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థ తయారుచేసిన క్యూటి మీద కట్టారు. ఆనాటి క్యూటి లైసెన్సు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు సరిపోయేది కాదు. మూలభాష చూడవచ్చు, కాని మార్చి పంచుకొనే హక్కు లేదు. పునాది మీద హక్కు లేకుండా పైన ఎంత చక్కని మేడ కట్టినా ప్రయోజనమేమిటని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు అభ్యంతరం తెలిపారు.

ఆ అభ్యంతరం నుండి పుట్టినదే గ్నోమ్. 1997 ఆగస్టులో మెక్సికో దేశస్థులైన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా దీనిని ప్రారంభించారు. గింప్ అనే చిత్ర సంపాదక సాధనం కోసం బర్క్‌లీ విద్యార్థులు వ్రాసుకొన్న జీటీకే అప్పటికే స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నది కనుక దానినే పునాదిగా తీసుకొన్నారు. 1999 మార్చిలో గ్నోమ్ 1.0 వచ్చింది. ఒత్తిడి ఫలించి 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ క్యూటి యునిక్స్ రూపాన్ని జీపీఎల్ లైసెన్సు కింద కూడా విడుదల చేసింది. దానితో మూల వివాదం తీరిపోయింది. కాని అప్పటికి రెండు ఇళ్ళూ లేచాయి, రెండింటిలోనూ జనం చేరారు. గొడవ తీరిందని ఎవరూ తమ ఇల్లు పడగొట్టుకోలేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ కథ వేరు. ఒలివియే ఫూర్దాన్ దీనిని 1996లో సీడీఈని పోలిన చిన్న పట్టీగా మొదలుపెట్టాడు. అదీ మొదట స్వేచ్ఛ లేని ఎక్స్‌ఫార్మ్స్ అనే టూల్‌కిట్ మీదనే ఉండి, 1999లో జీటీకే మీదికి మారింది. 2000లోనే ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక కూడా ఏర్పడింది. మెనూలో ప్రోగ్రాము పేరు ఎలా నమోదు కావాలి, తొలగించిన దస్త్రాలు చెత్తబుట్టలో ఏ రీతిగా ఉండాలి వంటి విషయాలలో అన్ని పర్యావరణాలూ పాటించదగిన ఒప్పందాలు అక్కడ రూపొందాయి. ఈనాడు ఒక డెస్క్‌టాప్‌లో వేసుకొన్న ప్రోగ్రాము మరొకదాని మెనూలోనూ దానంతటదే కనిపిస్తున్నదంటే కారణం ఈ ఒప్పందాలే.

అలవాటు మీద పడిన దెబ్బ

డెస్క్‌టాప్‌ను ఎంచుకొనేటప్పుడు దాని అందం, వేగం చూస్తారు గాని, పదేళ్ళ తరువాత కూడా అది ఇలాగే ఉంటుందా అని ఆలోచించేవారు తక్కువ. 2008 నుండి 2011 వరకు జరిగినది ఈ ప్రశ్న ప్రాముఖ్యాన్ని చూపుతుంది.

2008 జనవరిలో కేడీఈ 4.0 విడుదలయింది. లోపలి నిర్మాణాన్ని చాలావరకు తిరగవ్రాశారు. అయితే నిత్యం వాడుకొనేందుకు అది అప్పటికి పక్వానికి రాలేదు. 3.5లో హాయిగా పనిచేసుకొంటున్నవారికి ఉన్న సౌకర్యాలు కొన్ని కనిపించకుండా పోయాయి. ఆ పాత 3.5 రూపాన్నే కొనసాగించడానికి ట్రినిటీ అనే శాఖ పుట్టింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3.0 వచ్చింది. కింది పట్టీ లేదు. విండోను చిన్నదిగా చేసే గుర్తు లేదు. తెరపై ప్రతీకలు లేవు. కార్యకలాపాలు అనే మూలకు మౌస్‌ను తీసుకొని వెళ్ళితే అన్ని విండోలూ పరచుకొని కనబడే కొత్త పద్ధతి వచ్చింది. అదే నెలలో ఉబుంటు పంపిణీ తన సొంత యూనిటీని ప్రధాన డెస్క్‌టాప్‌గా చేసింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్నోమ్ 3ను బహిరంగంగా విమర్శించి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారిపోయాడు. కొంతకాలానికి ఆయనే గ్నోమ్‌కు తిరిగి వచ్చాడన్నది కూడా చెప్పుకోవలసిన సంగతే.

సాధారణ వాడుకరులకు ఇది చిన్న విషయం కాదు. కంప్యూటరును కొద్దికొద్దిగా నేర్చుకొన్న పెద్దవారు ఏ గుర్తు ఎక్కడ ఉంటుందో చేతితోనే గుర్తుంచుకొంటారు. ఒకనాటి ఉదయం ఆ గుర్తులు ఉన్నచోట లేకపోతే తమకే ఏదో తెలియలేదని సిగ్గుపడి పని మానుకొంటారు. తప్పు వారిది కాదు. అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటప్పుడు వేరే దారి తెరిచే ఉంటుంది. గ్నోమ్ 2 మూలభాషను తీసుకొని 2011లోనే అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి మాటేను ప్రారంభించాడు. దక్షిణ అమెరికాలో తాగే ఒక ఆకుపానీయం పేరు అది. లినక్స్ మింట్ బృందం గ్నోమ్ 3 సాంకేతికత మీదనే పాత పద్ధతి పట్టీ, మెనూలతో సిన్నమన్‌ను తయారుచేసింది. సిన్నమన్ అంటే దాల్చినచెక్క. ఇక యూనిటీని వదిలివేస్తున్నట్లు ఉబుంటు 2017 ఏప్రిల్‌లో ప్రకటించి, ఆ ఏడాది అక్టోబరు విడుదల నుండి గ్నోమ్‌కు మళ్ళింది. అలవాటు పడిన డెస్క్‌టాప్ ఆరేళ్ళకే ఆగిపోయిన ఆ వాడుకరులు మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది. ఒకే సంస్థ మీద ఆధారపడిన పర్యావరణాన్ని ఎంచుకొనేముందు ఈ ఉదంతాన్ని గుర్తుచేసుకోవడం మంచిది.

గ్నోమ్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 3.0 తరువాత ఆ పద్ధతి మెల్లగా నిలదొక్కుకొన్నది. 2021 మార్చిలో వచ్చిన గ్నోమ్ 40లో కార్యస్థలాలు పక్కపక్కన అమరాయి, ల్యాప్‌టాప్ స్పర్శపలకపై మూడు వేళ్ళతో జరపడానికి అనువుగా. కొత్తగా కంప్యూటరు నేర్చుకొనే పిల్లలకు పాత అలవాటు అడ్డురాదు కనుక వారు దీనిని తొందరగా పట్టుకొంటారు.

యంత్రం శక్తిని బట్టి

పాత కంప్యూటరుకు ఏది తగును అన్న ప్రశ్నకు జవాబు ర్యామ్ పరిమాణంతో మొదలవుతుంది. స్థూలంగా చెప్పాలంటే 2 జీబీ ఉన్న యంత్రంలో ఎల్‌ఎక్స్‌క్యూటి గాని ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని వేయడం తెలివైన పని. 4 జీబీ ఉంటే వీటితోపాటు మాటే, సిన్నమన్, ప్లాస్మా కూడా నడుస్తాయి. 8 జీబీ, ఆపైన ఉంటే బరువు గురించి ఆలోచించకుండా అభిరుచిని బట్టి ఎంచుకోవచ్చు. ప్లాస్మా బరువైనదన్న పేరు కేడీఈ 4 కాలం నాటిది. 2014లో ప్లాస్మా 5 వచ్చిన తరువాత దాని బరువును బాగా తగ్గించారు. నేటికీ పాత మాటనే పట్టుకొని దానిని తోసిపుచ్చడం సరికాదు.

అయితే ఇక్కడ ఒక భ్రమ ఉన్నది. తేలికైన డెస్క్‌టాప్ వేస్తే మొత్తం కంప్యూటరు తేలికవుతుందని చాలామంది అనుకొంటారు. డెస్క్‌టాప్ ఆదా చేసే కొన్ని వందల మెగాబైట్లను అంతర్జాల విహారిణి నాలుగైదు పుటలు తెరవగానే మింగివేస్తుంది. విహారిణిలోనే రోజంతా గడిపేవారికి ఎల్‌ఎక్స్‌క్యూటికి, ప్లాస్మాకు మధ్య తేడా అంతగా తెలియదు. అటువంటివారు పాత హార్డ్ డిస్కును తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకొంటే, మరొక 4 జీబీ ర్యామ్ కలిపించుకొంటే, ఏ డెస్క్‌టాప్ మార్పూ ఇవ్వని వేగం వస్తుంది. వ్రాతపనులకు, పాఠాలు తయారుచేసుకోవడానికి, అంతర్జాలం లేకుండా వాడే యంత్రాలకు మాత్రం తేలికైన డెస్క్‌టాప్ నిజంగా మేలు చేస్తుంది.

రెండవది తెర చిత్రణ. గ్నోమ్, ప్లాస్మా, సిన్నమన్‌లు విండోలను కలిపి చూపే పనికి గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకొంటాయి. దానికి తగిన డ్రైవరు లేకపోతే ఆ పని అంతా ప్రధాన ప్రాసెసరు నెత్తిన పడుతుంది, మౌస్ కూడా ఈడ్చుకొంటూ కదులుతుంది. ఇటువంటి యంత్రంలో ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటేలు వేసి, అమరికలలో ఆ ప్రత్యేక చిత్రణను ఆపివేయవచ్చు.

మరీ పాతవైన 32 బిట్ల కంప్యూటర్ల సంగతి వేరు. వాటికి డెస్క్‌టాప్ ఎంపిక కంటె ముందు పంపిణీ ఎంపిక చూసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ యంత్రాలకు స్థాపన సాధనమూ లేదు, కెర్నలూ లేదు.

తెలుగు చదవడం, వ్రాయడం

తెలుగువారికి ఈ విషయం మిగతా అన్నిటికంటె ముఖ్యం. ఇందులో అక్షరాలు సరిగా కనబడడం ఒకటి, టైపు చేయడం ఒకటి, మెనూలు తెలుగులో ఉండడం ఇంకొకటి. మూడింటికీ బాధ్యులు వేరు.

అక్షరాలు చూపే పని టూల్‌కిట్‌ది. తెలుగులో గుణింతపు గుర్తులు హల్లుకు పైన, పక్కన చేరుతాయి. ఒత్తులు కిందికి దిగుతాయి. యూనికోడ్‌లో వరుసగా ఉన్న సంకేతాలను తీసుకొని ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలో లెక్కకట్టే ఇంజను కావాలి. జీటీకేలో పాంగో ఈ భారాన్ని మోస్తుంది. గ్రీకు, జపాను భాషల మాటలను కలిపి సర్వభాష అన్న అర్థంలో దానికి ఆ పేరు పెట్టారు. నేడు పాంగో, క్యూటి రెండూ లోపల హార్ఫ్‌బజ్ అనే ఇంజనునే వాడుతున్నాయి. కాబట్టి లోహిత్, పోతన వంటి యూనికోడ్ ఖతి ఒకటి ఉంటే ఏ డెస్క్‌టాప్‌లోనైనా తెలుగు సరిగానే కనబడుతుంది. చాలా టెర్మినల్ ప్రోగ్రాములలో మాత్రం అక్షరానికి ఒక గడి చొప్పున కేటాయిస్తారు కనుక గుణింతాలు, ఒత్తులు చెదిరిపోతాయి. డెస్క్‌టాప్ మార్చినందువల్ల ఈ బాధ తీరదు. మరొక చిన్న సూచన. కొన్ని అలంకరణలలో జాబితా వరుసల ఎత్తు ఆంగ్ల అక్షరాలకు సరిపడేంతే ఉండి, ఒత్తుల అడుగుభాగం తెగిపోతుంది. దస్త్రాలకు తెలుగు పేర్లు పెట్టుకొనేవారు ఎంపికకు ముందు స్త్రీ, రాష్ట్రం వంటి పేర్లతో రెండు దస్త్రాలు సృష్టించి చూసుకోవాలి.

టైపు చేయడంలో డెస్క్‌టాప్‌ల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి తెలిసినవారికి ఇబ్బంది లేదు. అందులో ఒక మీటకు ఒక గుర్తు కనుక, కీబోర్డు అమరికలలో భారతీయ తెలుగును చేర్చుకొంటే అన్ని డెస్క్‌టాప్‌లలోనూ పనిచేస్తుంది. ఆంగ్ల అక్షరాలతో తెలుగు పలుకును వ్రాసే ఆర్‌టీఎస్ వంటి పద్ధతులకు మాత్రం ఐబస్ గాని ఎఫ్‌సిటిఎక్స్ గాని ఉండాలి. ఐబస్‌కు ఎమ్17ఎన్ గ్రంథాలయాన్ని జతచేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన మొదలైన తెలుగు విన్యాసాలు దొరుకుతాయి. గ్నోమ్‌లో 2012 నుండి ఐబస్ డెస్క్‌టాప్‌లోనే కలిసి ఉన్నది, కీబోర్డు అమరికలలో తెలుగును ఎంచుకొంటే సరిపోతుంది. ప్లాస్మా వేలాండ్ సెషన్‌లో మిథ్యా కీబోర్డు అన్న శీర్షిక కిందికి వెళ్ళి ఎఫ్‌సిటిఎక్స్‌ను ఎంచుకోవాలి. ఆ శీర్షిక చూసి అక్కడ తెలుగు టైపు అమరిక ఉంటుందని ఊహించేవారు అరుదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటిలలో ఐబస్‌ను విడిగా స్థాపించి, లాగిన్ కాగానే మొదలయ్యేటట్లు ఏర్పాటు చేసుకోవాలి. డెబియన్, ఉబుంటులలో దీనికి ఇమ్-కాన్‌ఫిగ్ అనే సాధనం ఉన్నది. నిత్యం తెలుగు వ్రాసేవారు, ముఖ్యంగా సహాయం చేసేవారు దగ్గర లేనివారు, యంత్రానికి శక్తి ఉంటే గ్నోమ్‌తో మొదలుపెట్టడమే తక్కువ శ్రమ.

ఇక మెనూల అనువాదం. గ్నోమ్‌కు, కేడీఈకి తెలుగు అనువాదాలు స్వచ్ఛందంగా పనిచేసినవారి శ్రమ ఫలితం. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కూడా ఈ స్థానికీకరణలో పాలుపంచుకొన్నది. ఫైలుకు దస్త్రం, ఫోల్డరుకు సంచయం వంటి మాటలు ఈ అనువాదాల ద్వారా వాడుకరులకు పరిచయమయ్యాయి. కొత్త కూర్పులలో చేరే వాక్యాలకు అనువాదం వెంటవెంటనే జరగదు కాబట్టి ఒకే పేటికలో సగం తెలుగు, సగం ఆంగ్లం కనిపించడం మామూలే. ఇది లోపమే. అయితే దానిని సరిచేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, తెలుగు వచ్చిన వారెవరైనా ఆ అనువాద బృందాలలో చేరవచ్చు.

చూపు లేనివారికి

చూపు లేనివారు తెరపై ఉన్నదానిని చదివి వినిపించే ఓర్కా వంటి సాధనం మీద ఆధారపడతారు. తేలికగా ఉన్నదని, అందంగా ఉన్నదని చేసిన ఎంపికలో ఓర్కా సరిగా చదవలేకపోతే వారికి ఆ కంప్యూటరు పూర్తిగా మూసుకొన్నట్లే. ఓర్కా గ్నోమ్‌తో కలిసి పెరిగింది, నేటికీ దానితోనే బాగా కుదురుతుంది. మాటేలో కూడా చక్కగా పనిచేస్తుంది. ఈస్పీక్ ఎన్‌జీ అనే ధ్వని ఇంజనుతో తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ యాంత్రికంగా ఉన్నా అర్థమవుతుంది. డెబియన్ తన ప్రధాన డెస్క్‌టాప్‌ను ఎక్స్‌ఎఫ్‌సీఈకి మార్చాలని కొంతకాలం యత్నించి, 2014 సెప్టెంబరులో తిరిగి గ్నోమ్ వైపు మొగ్గింది. అప్పుడు చెప్పిన కారణాలలో ఈ సౌలభ్యం ఒకటి.

పరీక్షించడం, మార్చుకోవడం

స్థాపించకముందే చూడడానికి లైవ్ యూఎస్‌బీ పద్ధతి ఉన్నది. పెన్‌డ్రైవులో పంపిణీని ఎక్కించి దానినుండే కంప్యూటరును నడిపితే లోపలి డిస్కును తాకకుండా డెస్క్‌టాప్‌ను వాడి చూడవచ్చు. పెన్‌డ్రైవు నుండి నడిచేటప్పుడు అంతా నెమ్మదిగానే ఉంటుంది కాబట్టి వేగం గురించి అప్పుడే తీర్పు చెప్పరాదు. వైఫై దొరికిందా, ధ్వని వినబడుతున్నదా, మూత మూసి తెరిస్తే తెర మళ్ళీ వెలిగిందా అన్నవి చూసుకోవాలి. ఉబుంటు కుటుంబంలో ప్లాస్మాతో కుబుంటు, ఎక్స్‌ఎఫ్‌సీఈతో జుబుంటు, ఎల్‌ఎక్స్‌క్యూటితో లుబుంటు వేర్వేరుగా దొరుకుతాయి. డెబియన్ స్థాపన సాధనం డెస్క్‌టాప్‌ల జాబితా చూపి ఏది కావాలో అడుగుతుంది. ఫ్రీబీఎస్‌డీలో ముందు వ్యవస్థను స్థాపించుకొని, డెస్క్‌టాప్‌ను ప్యాకేజీల నుండి తరువాత చేర్చుకోవడం వాడుక. ఓపెన్‌బీఎస్‌డీ మూల వ్యవస్థతోనే ఎక్స్‌ను, ఎఫ్‌వీడబ్ల్యూఎమ్‌ను ఇస్తుంది. 1990ల తెర ఎలా ఉండేదో చూడగోరే విద్యార్థులు దానిని ఒకసారి చూడవచ్చు.

స్థాపించిన తరువాత రెండవ డెస్క్‌టాప్‌ను చేర్చడం కష్టం కాదు. ప్యాకేజీ సాధనంతో స్థాపించి, బయటకు వచ్చి మళ్ళీ లాగిన్ అయ్యేటప్పుడు తెరపై ఉన్న చిన్న గుర్తును నొక్కితే ఏ సెషన్ కావాలో అడుగుతుంది. వాడుకరి దస్త్రాలు హోమ్ సంచయంలో ఉంటాయి, రెండు డెస్క్‌టాప్‌లూ వాటినే చూపుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అమరికలు కూడా అదే సంచయంలో, చుక్కతో మొదలై కంటికి కనిపించని ఉపసంచయాలలో దాగి ఉంటాయి. రెండు డెస్క్‌టాప్‌లు ఒకే వాడుకరి ఖాతాలో ఉంటే ఒకదాని ప్రతీకలు, ఖతులు, రంగులు మరొకదానిలోకి చొరబడుతుంటాయి. మెనూలో రెండేసి దస్త్ర నిర్వాహకులు, రెండేసి వ్రాతపలకలు కనిపిస్తాయి. అందువల్ల పరీక్ష కోసం వేరొక వాడుకరి ఖాతాను సృష్టించి, ఆ ఖాతాలోనే కొత్త డెస్క్‌టాప్‌ను ఒక వారం వాడి చూడడం ఉత్తమం. పాఠశాల ప్రయోగశాలలో అయితే ఒకే డెస్క్‌టాప్‌ను అన్ని యంత్రాలలోనూ ఉంచాలి. పిల్లవాడు ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా మెనూ ఒకేచోట ఉండకపోతే పాఠం కంటె వెతుకులాటకే పీరియడు సరిపోతుంది.

నచ్చనిదానిని తొలగించేటప్పుడు తొందర పనికిరాదు. ప్యాకేజీ సాధనం తొలగించబోయే వాటి జాబితాను చూపుతుంది. లాగిన్ తెరను చూపే జీడీఎమ్, ఎస్‌డీడీఎమ్, లైట్‌డీఎమ్ వంటి ప్రోగ్రాములు కూడా ఆ జాబితాలో కలిసిపోయి ఉండవచ్చు. చదవకుండా సమ్మతిస్తే మరునాడు కంప్యూటరు నల్లతెర మీద అక్షరాలతో పలకరిస్తుంది. దస్త్రాలు ఎక్కడికీ పోవు. ఆ నల్లతెర మీదనే లాగిన్ అయి, పోయిన ప్యాకేజీని తిరిగి స్థాపించుకోవచ్చు.

ఎక్స్ నుండి వేలాండ్‌కు

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ప్రారంభించిన వేలాండ్ క్రమంగా ఎక్స్ స్థానాన్ని ఆక్రమిస్తున్నది. 2016 నవంబరులో ఫెడోరా 25 గ్నోమ్‌ను వేలాండ్ మీదనే సహజంగా నడిపింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో కూడా అదే మొదటి ఎంపిక. 2025 సెప్టెంబరులో వెలువడిన గ్నోమ్ 49లో ఎక్స్ సెషన్‌ను సహజస్థితిలో నిలిపివేశారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ 2024 డిసెంబరులో వచ్చిన 4.20 కూర్పులో వేలాండ్‌కు ప్రయోగాత్మకమైన తోడ్పాటు ఇచ్చింది. ఎక్స్ పద్ధతిలో ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాములో టైపు చేస్తున్న మీటలను దొంగచాటుగా వినగలిగేది. వేలాండ్ ఆ దారిని మూసివేసింది. భద్రతకు ఇది మేలు. కాని అదే దారిని న్యాయంగా వాడుకొంటున్న తెర చిత్రీకరణ సాధనాలు, దూరం నుండి కంప్యూటరును నడిపే ప్రోగ్రాములు, పాత టైపింగు సాధనాలు కొత్త ఏర్పాట్లు చేసుకోవలసి వచ్చింది. పాత ప్రొజెక్టరు, పాత గ్రాఫిక్స్ కార్డు, అలవాటైన తెలుగు టైపింగు సాధనం ఉన్నవారు వాటిని వేలాండ్ సెషన్‌లో పరీక్షించాలి. పనిచేయకపోతే లాగిన్ తెరలో ఎక్స్11 సెషన్ ఉన్నదేమో చూడాలి. మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈలలో అది ఇంకా ప్రధాన మార్గమే.